వలసపక్షుల పరువునష్టం

తెలుగు పత్రికలకు ఒక అలవాటుంది. ఎమ్మెల్యే ఎవరైనా కండువా మార్చాడంటే మర్నాడు మొదటి పేజీలో ‘వలసపక్షులు’ అని శీర్షిక పడుతుంది. పక్కన ఒక కార్టూన్. ఖద్దరు లాల్చీ తొడుక్కున్న కొంగ ఒకటి నెత్తిన మూటతో ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు ఎగురుతుంటుంది. చదివినవాడు ఫక్కున నవ్వి సినిమా పేజీకి వెళ్లిపోతాడు. ఎమ్మెల్యే కూడా నవ్వుకుంటాడు, ఆయనకు పోయిందేమీ లేదు. పోయిందల్లా పక్షి పరువు.

ఇన్నేళ్లలో ఆ పక్షుల తరఫున నోరెత్తినవాడు లేడు. కోర్టుకెక్కడానికి వాటికి ఆధార్ లేదు, వకీలుకిచ్చే ఫీజూ లేదు. కనుక ఈ వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను. నా క్లయింట్లు రెండు జాతులు. ఒకటి గోధుమతల సీగల్, రెండోది నల్లతల సీగల్. దగ్గరి దాయాదులు, చూపుకు కవలలు. దావా ఎక్కడ వెయ్యాలన్నదానికి పెద్దగా బుర్ర చించుకోవలసిన పని పడలేదు. ఒక పక్క మూసీ మీద గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్. ఇంకో పక్క ఈసీ మీద హిమాయత్‌సాగర్. నడుమ మొయినాబాద్. అదే రోడ్డున మర్రిచెట్ల కింద ఇంకాస్త పడమరకు పోతే చేవెళ్ల. రెక్కల మీద జరిగే వలసకూ, కాన్వాయ్‌లో జరిగే వలసకూ పక్కపక్కనే సాక్ష్యం దొరికే చోటు రాష్ట్రంలో ఇంకోటి చూపించండి, దావా అక్కడికే మార్పిస్తాను.

ముందు ఫిర్యాదుదారుల పరిచయం.

మన తీరాలకూ పెద్ద జలాశయాలకూ చలికాలం వచ్చే ఈ రెండు పక్షుల్నీ దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. ఒళ్లు తెలుపు, వీపు బూడిదరంగు. కాళ్లూ ముక్కూ ఎరుపు, ముక్కు కొన నలుపు. కంటి వెనక, చెవి ఉండే చోట, దిష్టిచుక్క పెట్టినట్టు ఒక నల్లమచ్చ. పేర్లలో ఉన్న గోధుమతల ఎక్కడా కనపడదు, నల్లతలా కనపడదు. ఆ రంగు జతకట్టి గుడ్లు పెట్టే కాలానికి మాత్రం తొడుక్కునే టోపీ. మన దగ్గర్నుంచి బయల్దేరే ముందు, ఎండలు మొదలయ్యే వేళకు తల మీద కొత్త ఈకలొస్తాయి. పిల్లలు ఎదిగాక అవి రాలిపోతాయి. చలికాలంలో ఎవరికీ టోపీ ఉండదు. పైగా టోపీ ఉన్న రోజుల్లో కూడా నల్లతల సీగల్‌ది నలుపు కాదు, ముదురు చాక్లెట్ రంగు. పేరు నమ్ముకుని, తల చూసి, జాతి తేల్చుకుందామని కట్ట మీదికొచ్చినవాడు సాయంత్రానికి ఒట్టి చేతులతో ఇల్లు చేరతాడు.

తెలిసినవాళ్లు తల చూడరు, రెక్క చూస్తారు. గోధుమతల సీగల్ గాలిలోకి లేచినప్పుడు రెక్కల కొసలు చిక్కటి నలుపు. ఆ నలుపులో అద్దాలు కుట్టినట్టు తెల్లటి మచ్చలు. నల్లతలదానికి రెక్క ముందంచు వెంబడి తెల్లటి పట్టీ కొసదాకా సాగుతుంది, నలుపు వెనకంచునే సన్నగా అంటి ఉంటుంది. ఆ తర్వాత చూడాల్సింది కన్ను. ఎదిగిన గోధుమతలకు కనుపాప చుట్టూ తెల్లగా ఉండి, అప్పు వసూలుకొచ్చినవాడిలా చూస్తుంది. నల్లతలది నల్లటి కన్ను, సాధుచూపు. గోధుమతలది ఒక పిసరు పెద్ద ఒళ్లు, ఒక పిసరు లావు ముక్కు. చిక్కల్లా మొదటి చలికాలం పిల్లలతోనే. గోధుమతల పిల్లకు రెక్కల్లో అద్దాలింకా రావు, కన్నూ ఇంకా తెల్లబడదు. పక్షులు చూసి చూసి కళ్లు కాయలు కాచినవాళ్లు కూడా అప్పుడు తొందరపడి పేరు రాయరు. కొత్తగా గెలిచినవాళ్ల సంగతిలో మనమూ ఆ మాత్రం ఓపిక పట్టడం మంచిది.

పుట్టిళ్లు కూడా వేరే. గోధుమతల సీగల్ గూడు పెట్టేది టిబెట్, లదాఖ్, మధ్య ఆసియా ఎత్తు పీఠభూముల సరస్సుల ఒడ్డున. నల్లతలది బ్రిటన్ నుంచి సైబీరియా దాటి ఆసియా తూర్పు అంచుదాకా పరుచుకున్న చిత్తడి నేల. చలికాలంలో కలిసినచోట రెండూ ఒకే నీళ్ల మీద తేలతాయి, ఒకే గుంపులో తింటాయి, ఒకే ఇసుకతిన్నె మీద కునుకు తీస్తాయి. ఎండలు ముదరగానే ఎవరి దారి వాళ్లది. ఇక్కడ చేప బాగుంది కదా అని మొయినాబాద్‌లో గూడు కట్టిన గోధుమతల సీగల్ లేదు. ఒకే విస్తట్లో తిన్నా జాతి మార్చుకోలేదు.

ఒక్కసారి వాటి పార్టీ మారిన మాట నిజమే. అది చేసింది శాస్త్రవేత్తలు. వెనకటికి సీగల్స్‌లో చాలాభాగాన్ని లారస్ అనే ఒకే ప్రజాతి కింద జమకట్టేవారు. 2005లో వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనం తర్వాత ఈ రెంటినీ, వాటి చిన్న దాయాదులు మరికొన్నిటినీ క్రోయికోసెఫలస్ అనే ప్రజాతిలోకి మార్చారు. రక్తం చూసి మార్చారు. ఎవరూ వేదికెక్కలేదు, ఎవరూ కండువా కప్పలేదు, నియోజకవర్గ అభివృద్ధి కోసమే వెళ్తున్నామని ఏ సీగలూ ప్రెస్‌మీట్ పెట్టలేదు.

హిమాయత్‌సాగర్ కట్ట మీద గొర్లు మేపుకునే ఒక పెద్దాయనను అడిగాను, ఈ పిట్టలు నీకు తెలుసా అని.

“ఎందుకు తెల్వదు సారు. సలికాలం ఒస్తయి, ఎండకాలం పోతయి. మల్ల సలికి ఒస్తయి.”

“రెండు రకాలున్నాయంట కదా?”

“ఉంటే ఉన్నయి. గవి ఎన్ని రకాలైతే నాకేంది? ఒచ్చుడు తెలుసు, పోవుడు తెలుసు. నడుమల మోసం లేదు.”

ఇది ఫిర్యాదుదారుల మొదటి సాక్షి వాంగ్మూలం. ఇక ప్రతివాదుల వైపు వద్దాం.

నియోజకవర్గాల పునర్విభజన పుణ్యమా అని చేవెళ్ల పార్లమెంటు స్థానం 2009 ఎన్నికలకు పుట్టింది. తొలి ఎంపీ ఎస్. జైపాల్‌రెడ్డి. ఆయనా పార్టీ మారినవారే. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలారు, జనతా, జనతాదళ్‌లలో ఏళ్లకేళ్లు గడిపి 1999లో తిరిగొచ్చారు. కారణం ఏమిటో దేశమంతటికీ తెలిసిన వలస అది. దాన్ని నా క్లయింట్లు వలసగానే ఒప్పుకుంటున్నాయి. అభ్యంతరం ఆ తర్వాతి వాటి మీదే.

2014లో చేవెళ్ల ఎంపీగా కొండా విశ్వేశ్వర్‌రెడ్డి గెలిచారు. గుర్తు కారు, అంటే అప్పటి టీఆర్‌ఎస్, ఇప్పటి బీఆర్‌ఎస్. 2019లో ఆయనే కాంగ్రెస్ నుంచి నిలబడ్డారు. ఆయన్ని ఓడించింది కారు గుర్తు మీద వచ్చిన రంజిత్‌రెడ్డి. 2024 వచ్చేసరికి మళ్లీ ఆ ఇద్దరే ముఖాముఖి. ఈసారి విశ్వేశ్వర్‌రెడ్డి కమలం, రంజిత్‌రెడ్డి హస్తం. అంటే కారు దిగిన ఇద్దరు మాజీ సహప్రయాణికులు వేరే బండ్లెక్కి వచ్చి ఒకర్నొకరు గుద్దుకున్నారు. మరి ఖాళీ అయిన కారులో ఎవరు కూర్చున్నారు? కాసాని జ్ఞానేశ్వర్. ఆర్నెల్ల ముందు వరకూ తెలంగాణ తెలుగుదేశం అధ్యక్షుడు. పోటీలో ఉన్న మూడు పెద్ద పార్టీల అభ్యర్థుల్లో ఒక్కరూ అంతకుముందు పార్లమెంటు ఎన్నికలనాటి గూట్లో లేరు. కమలం లక్షా డెబ్భై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచింది. ఓటర్లకు మెలకువ లేదనడానికి లేదు. ముగ్గురి తలలూ చూశారు, మూడు రంగులున్నాయి, ఒక రంగును ఎంచుకున్నారు. వాళ్ల తప్పేముంది?

అసెంబ్లీ లెక్క ఇంకా ముచ్చటైనది. చేవెళ్ల పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలు. 2023 డిసెంబరులో మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, చేవెళ్ల బీఆర్‌ఎస్‌కు, పరిగి, వికారాబాద్, తాండూరు కాంగ్రెస్‌కు వచ్చాయి. 2024 జూన్, జులై నెలల్లో ఆ నలుగురు బీఆర్‌ఎస్ వారిలో ముగ్గురు ముఖ్యమంత్రి సమక్షంలో కండువా కప్పించుకున్నారు: చేవెళ్ల కాలె యాదయ్య, రాజేంద్రనగర్ ప్రకాశ్‌గౌడ్, శేరిలింగంపల్లి అరెకపూడి గాంధీ. మిగిలింది మహేశ్వరం సబితా ఇంద్రారెడ్డి. గట్టిగా నిలబడ్డారని అంటున్నారు, నేనూ అంటాను. కాకపోతే 2018లో ఆమె గెలిచింది హస్తం మీద, కారెక్కింది 2019లో. యాదయ్యగారిదైతే గుండ్రటి ప్రయాణం. 2014లో కాంగ్రెస్ తరఫున గెలిచి గులాబీ వైపు వెళ్లారు, అక్కడ రెండుసార్లు గెలిచి మళ్లీ కాంగ్రెస్ వైపు తిరిగారు. ప్రకాశ్‌గౌడ్, గాంధీ 2014లో సైకిల్ మీద గెలిచినవారు. సైకిల్ దిగి కారు, కారు దిగి చెయ్యి. నా క్లయింటు గోధుమతల సీగల్ హిమాలయాలు దాటి వస్తుంది, వెళ్తుంది. అయినా పుట్టిన సరస్సు పేరు అడిగితే ఒక్క పేరే చెబుతుంది.

ఇక్కడ న్యాయశాస్త్రం కొంచెం చెప్పుకోవాలి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ మారితే సభ్యత్వం పోతుందంది. మూడోవంతు మంది కలిసి వెళ్తే ఫిరాయింపు కాదు, చీలిక అని ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఆ కిటికీని 2003లో 91వ సవరణ మూసేసింది. మూడింట రెండొంతులు వెళ్తే విలీనం అన్న సింహద్వారం మాత్రం అలాగే ఉంది. 2019 జూన్‌లో కాంగ్రెస్ 18 మంది ఎమ్మెల్యేలలో 12 మంది సరిగ్గా ఆ లెక్క వేసుకుని టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. పద్దెనిమిదిలో మూడింట రెండొంతులు పన్నెండు. పిల్లకాయల ఎక్కాల పుస్తకం ఇంత అక్కరకొచ్చిన రోజు ఇంకోటి లేదు. ఒక్కడు గోడ దూకితే నేరం, పన్నెండుమంది దూకితే గోడ ఉన్నట్టే కాదు.

2024లో పోయినవాళ్లు పదిమందే, బీఆర్‌ఎస్ గెలిచిన 39లో. లెక్క చాలలేదు. చాలనప్పుడు ఏం చెయ్యాలి? ఎగరలేదని చెప్పాలి. 2024 సెప్టెంబరులో అసెంబ్లీ పద్దుల కమిటీకి గాంధీగారు అధ్యక్షులయ్యారు. ఆ కుర్చీ ఆనవాయితీగా ప్రతిపక్షానిది. ప్రతిపక్షం మావాడు కాదు మొర్రో అంటుంది, పాలకపక్షం మీవాడే తీసుకోండి అంటుంది. లోకంలో ఏ పక్షికీ ఈ గౌరవం దక్కలేదు, ఒకే సమయంలో రెండు గుంపులూ నువ్వు అవతలిదానివని ప్రమాణం చెయ్యడం. సుప్రీంకోర్టు 2025 జులై 31న ఆ అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది. డిసెంబరులో ఐదుగురి మీద పిటిషన్లను స్పీకర్ కొట్టేశారు, పార్టీ మారినట్టు ఆధారాల్లేవని. ఆ ఐదుగురిలో రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి సభ్యులున్నారు. స్పీకర్‌గారి సొంత నియోజకవర్గం వికారాబాద్, అదీ చేవెళ్ల పార్లమెంటు కిందిదే. తీర్పు తప్పనను, ఆ మాట చెప్పవలసింది న్యాయస్థానాలు. నేను చెప్పేది ఒక్కటే. మైలు దూరాన ఎగురుతున్న సీగల్‌ను బైనాక్యులర్‌తో చూసి ఇది ఫలానా జాతి అని తేల్చే కాలేజీ పిల్లలు మన దగ్గరున్నారు. టీవీ కెమెరాల ముందు కండువా కప్పుకున్న మనిషి ఏ పార్టీయో తేల్చగల యంత్రాంగం మాత్రం లేదు.

మొయినాబాద్ పేరు దేశమంతా మారుమోగిన రోజు కూడా రికార్డులో పెడుతున్నాను. 2022 అక్టోబరు 26. మొయినాబాద్ మండలంలోని ఒక ఫామ్‌హౌస్. అప్పటి పాలకపక్షం టీఆర్‌ఎస్‌కు చెందిన నలుగురు ఎమ్మెల్యేలను బీజేపీలోకి రమ్మని బేరమాడారన్న ఆరోపణ మీద పోలీసులు ముగ్గుర్ని పట్టుకున్నారు. ఒకరికి వంద కోట్లు, మిగతావాళ్లకు తలా యాభై కోట్లు ఇవ్వజూపారని ఫిర్యాదు. మాకేం సంబంధం లేదని బీజేపీ చెప్పింది. డిసెంబరు 26న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. నిజానిజాలు కోర్టులకు వదిలేద్దాం. వదలకూడనిది ఒకటుంది. ఆ నలుగురిలో తాండూరు, కొల్లాపూర్, పినపాక ఎమ్మెల్యేలు ముగ్గురూ 2018లో గెలిచింది కాంగ్రెస్ గుర్తు మీద. ఒక గూట్లోంచి తెచ్చుకున్నవాళ్లను ఇంకో గూటివాళ్లు ఎత్తుకుపోతున్నారని గగ్గోలు పెట్టడం ప్రజాస్వామ్యానికి కొత్త. నాలుగో ఆయన, అచ్చంపేట గువ్వల బాలరాజు, గులాబీ టికెట్టు మీదే గెలిచినవారు. 2023లో నలుగురూ ఓడిపోయారు. 2025 ఆగస్టులో బాలరాజు బీజేపీలో చేరారు. ఎవరూ ఏమీ ఇచ్చారనలేదు, నేనూ అనను. ఓడిన పక్షిని చూడ్డానికి ఎవరూ ఫామ్‌హౌస్ బుక్ చెయ్యరు.

న్యాయంగా ఒక పోలిక ఒప్పుకోవాలి, నా క్లయింట్లు నొచ్చుకున్నా సరే. సీగల్స్‌కు చేతివాటం ఉంది. నీటి మీద రేవుపిట్ట కష్టపడి చేపను పట్టి పైకి లేచిందంటే వెంటబడి, బెదరగొట్టి, అది జారవిడిచిన చేపను గాల్లోనే అందుకుంటాయి. చెత్తకుప్పల దగ్గరా చేపల పడవల వెనకా కూడా తారట్లాడతాయి. ఇంతవరకూ మీ కార్టూనిస్టులు గీసింది సబబే. అయితే లాక్కున్న చేప ఒక్కటే. చెరువును లాక్కున్న సీగల్ లేదు.

ఇక అసలు సంగతి, రెక్క. కండువా చూసి నాయకుణ్ణి పోల్చలేం అంటే మరి దేన్ని చూడాలి? ఈ రెండు మండలాల్లో రెక్క పేరు అందరికీ తెలుసు. నూటపదకొండు.

కథ 1908 సెప్టెంబరు 28న మొదలవుతుంది. మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేసింది, వేలమంది పోయారు. మళ్లీ అలాంటి రోజు రాకుండా ఏం చెయ్యాలని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి పైన నీటిని ఆపండని ఆయన చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదకు అడ్డుగోడగా పుట్టి నగరానికి తాగునీరూ ఇచ్చాయి. 1996 మార్చి 8న తెలుగుదేశం ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. మంచి పని. పదహారు నెలలు తిరక్కుండానే, 1997 జులైలో, అదే ప్రభుత్వం శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె ఫ్యాక్టరీకి మినహాయింపునిచ్చింది. సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో ఆ మినహాయింపును కొట్టేసి, తాగునీటి జలాశయంతో చెలగాటం వద్దంది.

తర్వాత పాతికేళ్లు 111 ఎలా బతికిందో మొయినాబాద్ వైపు రైతు ఒకాయన ఒక్క ముక్కలో చెప్పాడు: “నూటపదకొండు మాకు కాయితం లెక్క, పెద్దోళ్లకు కాంపౌండ్ గోడ లెక్క.” ఆ మాటలో చరిత్రంతా ఉంది. జీవో ఉంది కనుక ఎకరానికి ధర పలకలేదు. ధర పలకలేదు కనుక బిడ్డ పెండ్లికో బాకీకో రైతు చవగ్గా అమ్మాడు. కొన్నవాడు చుట్టూ పది అడుగుల గోడ లేపాడు, లోపల పచ్చిక పరిచాడు, ఈతకొలను తవ్వాడు, గేటు మీద తోట అని రాయించాడు. తనిఖీకి వచ్చినవాడికి గోడ కనిపించింది, లోపలున్నది కనిపించలేదు. రైతు తన పొలంలో కొడుక్కి రెండు గదులు వేసుకుంటే మాత్రం అది ఆకాశం నుంచే కనిపించింది. ఆ రైతు 111 పోవాలని కోరుకుంటే తప్పు పట్టే మొహం మనలో ఎవరికీ లేదు. ఆ కోరికను జెండాగా కట్టుకుని ఊరేగినవాళ్లలో గోడల యజమానులెందరో లెక్క తీయమని మాత్రం అడగొచ్చు.

2022 ఏప్రిల్‌లో టీఆర్‌ఎస్ ప్రభుత్వం 69 నంబరు జీవోతో 111 ఆంక్షలు ఎత్తేసింది, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతుతో, మార్గదర్శకాలకు ఒక కమిటీతో. చెప్పిన కారణం, నగర అవసరాల్లో ఈ రెండు చెరువుల నీరు 1.25 శాతం కూడా లేదని. కృష్ణా, గోదావరి నీళ్లొచ్చాయి కదా అని. లెక్క ఒప్పే కావచ్చు. పుస్తకమే వేరు. వరదకు కట్టిన గోడను తాగునీటి తూకంలో పెట్టి చూశారు. 2025 సెప్టెంబరు చివర్లో వానలకు జంట జలాశయాల గేట్లు ఎత్తారు, మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి, ప్రయాణికులు అందులో ఇరుక్కుపోయారు. ఆ రాత్రి ఆ నీళ్లలో నిలబడినవాళ్లను అడిగితే 1.25 శాతం ఎంత లోతుంటుందో చెబుతారు.

2023 డిసెంబరులో తల రంగు మారింది. 2024 ఆగస్టులో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి కొత్త ప్రభుత్వం పెట్టిన హైడ్రా గండిపేట ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీరు నిలిచే హద్దు లోపల, కొన్ని కట్టడాలు కూల్చింది. యంత్రాలు తిరుగుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ కూల్చడం ఒక రోజు వార్త, నీరొచ్చే దారిని కాపాడడం రోజూ చెయ్యాల్సిన పని. ఇవాళ మొయినాబాద్ చౌరస్తాలో నిలబడి 111 ఉందా పోయిందా అని ఇద్దర్ని అడిగి చూడండి, మూడు జవాబులొస్తాయి. అమ్మేవాడికి పోయింది. కొనేవాడికి పోతుంది. ఇల్లు కట్టుకుంటున్న రైతు దగ్గరికి నోటీసు పట్టుకొచ్చే ఉద్యోగికి మాత్రం నిక్షేపంగా ఉంది. ఈ ముగ్గురికీ మూడు జవాబులు దొరికేలా పాతికేళ్లకు పైగా కాపాడుకొచ్చిన ఘనతలో ఏ ఒక్క పార్టీకో పేటెంటు లేదు. తెచ్చినవాళ్లే చిల్లు పెట్టారు, తర్వాతివాళ్లు గోడలు చూసీ చూడనట్టున్నారు, ఆ తర్వాతివాళ్లు ఎత్తేశారు, ఇప్పటివాళ్లు జేసీబీని చూపించి జీవో సంగతి దాటేస్తున్నారు.

కనుక రెక్క చూసి జాతి తేల్చమంటే నా నిర్ణయం ఇది. పసుపు, గులాబీ, మూడు రంగులు, కాషాయం, ఇవన్నీ సీజను టోపీలు. నిపుణులు వీటిని నాలుగు జాతులని రాస్తున్నారు, టీవీ చర్చల్లో నాలుగు జాతులుగానే కొట్టుకుంటాయి. రెక్క విప్పితే ఒక్కటే మచ్చ. శాస్త్రీయ నామం ఇంకా ఖరారు కాలేదు కాబట్టి ప్రస్తుతానికి వెంచర్‌పిట్ట అందాం. ఆవాసం, ఎఫ్‌టీఎల్ అంచు. ఆహారం, ఎకరాలు. కూత, అభివృద్ధి. వలస, ఏడాది పొడుగునా.

నా క్లయింట్ల విన్నపాలు మూడు.

ఒకటి. పత్రికలు ‘వలసపక్షులు’ అన్న శీర్షికను వెనక్కు తీసుకోవాలి. ఏటా ఒకే దారిన వచ్చి, ఒకే దారిన పోయి, ఎక్కడివాళ్లమో ఎన్నడూ దాచని ప్రాణుల పేరు అది. దాన్ని అద్దెకివ్వడానికి సంపాదకులకు హక్కు లేదు.

రెండు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు దశాబ్దాలుగా పక్షుల కాలికి చిన్న లోహపు రింగు తొడిగి వదులుతున్నారు. ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు అన్నది దాని నంబరును బట్టి తెలిసిపోతుంది. గెలిచిన ప్రతి అభ్యర్థికీ అలాంటి రింగు ఒకటి ఎన్నికల సంఘం తొడగాలి. ఏ గుర్తు మీద, ఏ ఏట గెలిచాడో దానిమీద చెక్కించాలి. బంగారంతో మాత్రం చేయించవద్దు, మర్నాటికి కాలు కూడా ఉండదు.

మూడోది ఓటరుకు. చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో ఈసారి మీ గడపకు ఎవరైనా వచ్చి చేతులు జోడిస్తే ఆ మెడ వైపు చూడకండి, అక్కడున్న గుడ్డ సీజను దాటి ఉండదు. రెండే అడగండి. ఈ రెండు చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు ఎక్కడున్నాయో నడిచి చూపిస్తావా? పది కిలోమీటర్ల లోపల నీకూ నీవాళ్లకూ ఎన్ని ఎకరాలున్నాయో కాయితం మీద రాసిస్తావా? రాసిచ్చినవాడు ఏ రంగు కప్పుకున్నా ఓటెయ్యండి. నీళ్లు నమిలినవాడికి ఏ రంగులో వచ్చినా వెయ్యకండి.